వేపపూత యూరియాకు తలకిందుల సలహాలు

ఆదోని యార్డుకు పత్తి తోలే రైతుకు, ఎమ్మిగనూరు వైపు తుంగభద్ర దిగువ కాలువ నీళ్ల కోసం కాచుకునే రైతుకు చెబుతున్న మాటలివి. ఊళ్లో నలుగురూ చేసేదానికి అడ్డంగా ఉంటాయి. అయినా ఈ ఖరీఫ్‌లో ఒక్క ఎకరాలో చేసి చూడండి.

వాన వెలిసిందని యూరియా మూట ఎత్తుకొని పరుగెత్తకండి. నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే మట్టికి గాలి ఆడదు. అప్పుడు నత్రజనిలో కొంత వాయువుగా మారి పోతుంది. ముందు నీళ్లు బయటికి తీయండి, గుంటక తిరిగే పదును వచ్చేదాకా ఆగండి. పక్క చేలో అప్పటికే చల్లేసి ఉంటారు. చల్లనివ్వండి.

కూలి మిగిలే పద్ధతి వద్దు, కూలి అయ్యే పద్ధతే పట్టండి. అన్నింటికన్నా పెద్ద పొరపాటు జరిగేది ఇక్కడే. 2015లో కేంద్రం దేశంలో తయారయ్యే యూరియా మొత్తానికీ వేపనూనె పూత తప్పనిసరి చేసింది. యూరియా పరిశ్రమలకు దారి మళ్లకూడదన్నది ఒక కారణం, నేలలో నత్రజని ఎక్కువ రోజులు నిలవాలన్నది ఇంకో కారణం. అప్పటినుంచి "పూత ఉంది కదా, పైన చల్లినా పోదులే" అనే మాట పుట్టింది. పూత చేసే పని అది కాదు. యూరియా నేలలో పడ్డాక కొద్దిరోజుల్లోనే అమ్మోనియం అవుతుంది. దాన్ని నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులను వేప కొన్నాళ్లు నెమ్మదింపజేస్తుంది, అంతే. నైట్రేట్ తగ్గితే వాననీటితో కిందికి దిగిపోయేదీ తగ్గుతుంది. పూత రాకముందు యూరియాలో వేపపిండి కలిపి ఒకటి రెండు రోజులు ఉంచి వేయమనేవాళ్లు, అదీ ఇందుకే.

కానీ ఎండలో మట్టిపైన పడి ఉన్న గుళిక అమ్మోనియా గాలిగా ఎగిరిపోవడాన్ని వేప ఆపలేదు. సున్నం పాలు ఎక్కువున్న మన రేగడి నేలల్లో ఈ నష్టం ఇంకా ఎక్కువ. పంజాబ్, హర్యానాల్లో గోధుమకు సుమారు మూడు వారాలకు మొదటి తడి ఇస్తారు, పైపాటు యూరియాకు ఆ నీళ్లు తోడుంటాయి. మన వర్షాధార పత్తికి ఆ తడి ఎక్కడిది? కాబట్టి మొక్కకు నాలుగు వేళ్ల దూరంలో గుంత తీసి వేయండి, మట్టి కప్పండి. ఇద్దరు కూలీలు ఎక్కువైనా సరే.

మీ చేను పక్క చేనుకంటే కాస్త లేతపచ్చగానే ఉండనివ్వండి. ఇది కష్టమని తెలుసు, దారిన పోయేవాళ్లు అడుగుతారు. నత్రజని ఎక్కువైన నల్లపచ్చ ఆకుకు పచ్చదోమ, తెల్లదోమ ముందు చేరతాయి. ఏపుగా పెరిగిన పైరు నేలలో ఉన్న కాస్త పదునునూ తాగేసి, వాన ముఖం చాటేసినప్పుడు ముందుగా వాడుతుంది. ఆకులు ఎర్రబడ్డాయని కూడా యూరియా వేయకండి. అది దోమ కావచ్చు, మెగ్నీషియం లోపం కావచ్చు. ఆకు తిప్పి చూడండి. దోమ లేకపోతే మెగ్నీషియం సల్ఫేట్ లీటరుకు 10 గ్రాములు కలిపి పిచికారీ చేయండి.

కొన్న మూటలన్నీ వేసేయాలని లేదు. పత్తికి నత్రజనిని 30, 60, 90 రోజులకు పంచి వేయడం అలవాటు. మూడో దఫాకు పదును లేకపోతే నేలకు వేయడం మానేయండి. లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి ఆకుల మీద కొట్టండి. పప్పుశనగకైతే పైపాటు యూరియా అసలు వద్దు, దాని వేరు బుడిపెలే ఆ పని చూసుకుంటాయి.

ఇంకొకటి, ఉల్లి, వేరుశనగ వేసేవాళ్లకు: గంధకం పూత యూరియా దొరికితే తక్కువ నత్రజనికి అదే డబ్బు ఇవ్వడానికి వెనకాడకండి. 2023లో వచ్చిన యూరియా గోల్డ్‌లో నత్రజని 37 శాతం, గంధకం 17 శాతం. వేపపూత యూరియా 45 కిలోల మూటలో 20.7 కిలోల నత్రజని ఉంటే, దీని 40 కిలోల మూటలో 14.8 కిలోలే. తేడాకు బదులుగా 6.8 కిలోల గంధకం వస్తుంది, ఈ రెండు పంటలకూ అది కావాలి. వేరుశనగకు జిప్సం వేసే అలవాటున్నవాళ్లు మాత్రం జిప్సమే వేయండి, కాయ గట్టిపడడానికి కాల్షియం కూడా అందులోనే దొరుకుతుంది.

ఏ మూట కొనేముందైనా ఎమ్మిగనూరు దగ్గర బనవాసి కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లి, మట్టి పరీక్ష గురించి అడగండి. వేసవిలోనే వెళ్లండి, విత్తనం వేశాక కాదు.