కన్ను చూసి చెప్పేవాళ్ళం

ఇప్పుడు ఎవరింటి అటక మీద పాత గాలాల పెట్టె దొరికినా ముందు చేసే పని ఫోను తీసి ఫొటో కొట్టడం. అదేదో ధర చూపిస్తుంది, వీళ్ళు గాల్లో మేడలు కట్టేస్తారు. ఆ ధర చెప్పిందెవరయ్యా? అమ్మకానికి పెట్టినవాడు. అడగడానికి వాడికేం పోయింది, వెయ్యి డాలర్లూ అడుగుతాడు. చివరికి ఎంతకి అమ్ముడుపోయిందో చూద్దామన్న ఇంగితం ఒక్కడికీ లేదు.

నేను మిషిగన్‌లో దిగింది డెబ్బైల్లో. మేముండే కాలమజూ షేక్‌స్పియర్ ఊరు. నాటకాల దొర కాదు, 1897లో గాలపు రీళ్ళ కంపెనీ పెట్టిన విలియం షేక్‌స్పియర్ అనే మరొకాయన. గంట లోపు ప్రయాణంలో డొవాజాక్, అది కొయ్య ఎరలు చేసిన హెడన్ కంపెనీ ఊరు. జేమ్స్ హెడన్ చెరువు గట్టున కూచుని చెక్కిన పుల్లని నీళ్ళలోకి విసిరితే బాస్ చేప ఎగిరిపడిందని అక్కడ కథగా చెబుతారు. ఆయన ఎరలుగా చేత్తో చెక్కిన కొయ్య కప్పలు ఇప్పుడు దొరకడమే గగనం. పట్టిన చేపని ముద్దుపెట్టుకుని మళ్ళీ నీళ్ళలో వదిలేసే దేశంలో, ఎరని అద్దాల బీరువాలో దాచుకోవడం నాకేమీ వింతనిపించలేదు.

అప్పట్లో శనివారం పొద్దున్నే గరాజ్ సేళ్ళకి పోయేవాళ్ళం. అక్కడి ముసలాళ్ళు ఎరని చేతిలోకి తీసుకుని ముందు కన్ను చూసేవారు. గాజు కన్నయితే గోటికి నున్నగా తగులుతుంది, వెలుతురులో తిప్పితే లోతు కనిపిస్తుంది. రంగుతో దిద్దిన కన్ను సాధారణంగా తర్వాతి కాలంది, చవకబేరం. ఆ తర్వాత ఎరని తిరగేసి కొక్కెం ఎలా బిగించారో చూసేవారు. హెడన్ వాళ్ళు మొదట్లో చెక్కలో చిన్న లోహపు గిన్నె దించి అందులో మర బిగించారు. తర్వాత ఎల్ ఆకారపు తీగ, ఆపైన రెండు ముక్కల బిగింపు వచ్చాయి. కడుపు చూస్తే వయసు తెలిసిపోయేది. ఈ మాట చెబితే మా మనవడు, ‘తాతయ్యా, దానికి యాప్ ఉంది’ అంటాడు. యాప్‌కి గోళ్ళున్నాయిరా?

వీళ్ళకి అంకె కనిపిస్తే చాలు. ఇండియానాలోని గారెట్‌లో క్రీక్ చబ్ కంపెనీ చేసిన పైకీ మిన్నో అనే ఎర మూతి రేకు మీద 1920 నాటి పేటెంటు తేదీ కొట్టి ఉంటుంది. అది చూసి ‘వందేళ్ళ నాటిది!’ అని గంతులు. అది పేటెంటు పుట్టిన తేదీ, ఎర పుట్టిన తేదీ కాదు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి అదే అచ్చు వేశారు. పైకీలు లెక్కలేనన్ని చేశారు, మామూలు రంగులో ఉన్నదాన్ని ఎవరూ కళ్ళకద్దుకోరు. అరుదైన రంగయితే మాత్రం అదే ఎర ధర ఎక్కడికో పోతుంది.

అసలు విలువంతా రంగులోనే ఉంది. దాని మీదే వీళ్ళ దండయాత్ర. పాతదని సబ్బుతో రుద్దడం, బోసిపోయిన చోట కొత్త పెయింటు పూయడం. తాతల నాటి కొండపల్లి బొమ్మకి ఎనామెల్ వేసినట్టే. కొక్కెం ఊగి ఊగి గీసిన గీతల్ని కొనేవాడు క్షమిస్తాడు, కొత్త పూతని క్షమించడు. అల్ట్రావయొలెట్ దీపం కింద పెడితే ఆ మచ్చలు చాలాసార్లు విడిగా బయటపడతాయి. ఇంకో పాపం, మెత్తటి ప్లాస్టిక్ వానపాముల్ని కొయ్య ఎరలతో కలిపి ఒకే పెట్టెలో పడెయ్యడం. ఆ ప్లాస్టిక్ రంగుని తినేసి, బంక తేలిన బొబ్బ మిగులుస్తుంది. దానికి మందు లేదు.

ఈ పిచ్చి ముదరడానికి ఓ వేలంపాట కూడా కారణమే. ఒహాయోలోని పెయిన్స్‌విల్‌లో రైలీ హాస్కెల్ 1859లో రాగి చేప ఆకారపు ఎరకి పేటెంటు తీసుకున్నాడు. దాని పెద్ద సైజుది ఒకటి 2003లో 1,01,200 డాలర్లకి పోయింది. అప్పట్నించీ తుప్పుపట్టిన ప్రతి రేకూ హాస్కెల్ తమ్ముడే!

నాకు నచ్చిన మనిషి జార్జ్ పెరీ. 1932లో జార్జియాలో క్రీక్ చబ్ ఎరతోనే 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్‌ని పట్టాడు. ప్రపంచ రికార్డు. తూకం వేయించి, ఇంటికి పట్టుకెళ్ళాడు, అందరూ కలిసి శుభ్రంగా వండుకు తిన్నారు. అలాంటి మనుషులేరీ ఇప్పుడు?

మొన్న మా మనవడు గారెట్ సరుకే ఒకటి పట్టుకొచ్చాడు. గాజు కళ్ళు, గట్టి రంగు, బానే ఉంది. అట్టపెట్టె ఏదిరా అన్నాను. పెట్టె చివర అంకె ఎర రంగుతో సరిపోతే బేరం మారిపోతుంది, ఒక్కోసారి ఎర కన్నా ఖాళీ పెట్టెకే ఎక్కువిస్తారు. ‘చిరిగిపోయిందని రీసైక్లింగ్‌లో వేశా తాతయ్యా, ఫొటో తీశాగా’ అన్నాడు.