పులి గారికి పతకం

మా పెన్‌పహాడ్‌లో "శ్రీనూ" అని పిలిస్తే నలుగురు వెనక్కి తిరుగుతారు. అందుకే పెండ్లిలో చదివింపుల నోటుబుక్కులో ఉత్త శ్రీను ఉండడు. మిల్లు శ్రీను, కరెంటు శ్రీను, చీదెళ్ల అల్లుడు శ్రీను ఉంటారు. వెయ్యి నూట పదహార్లు ఎవరి లెక్కలో పడ్డాయో తేలకపోతే రేపు తిరిగి చదివించేటప్పుడు లొల్లే.

వికీపీడియాకూ ఇదే తిప్పలొచ్చింది. ఒకే పేరు తెలుగు వికీలో ఒకరిది, ఇంకో భాషలో ఇంకొకరిది. 2015 ఏప్రిల్‌లో ఖాతాలన్నీ ఏకం చేసినప్పుడు, పేరు దక్కని మనవాళ్లకు చివర ఓ మెలిక గీత పెట్టి 'టీఈవికీ' అని తగిలించారు. ఇంటిపేరు ముందుండే జాతికి వెనకాల ఇంటిపేరు!

నాకా బాధ లేదు. వికీలో రాసేటప్పుడు నేను 'పెన్‌పహాడ్ పులి'ని. కుక్క మొరిగితే సందు మార్చే మనిషినని సర్వరుకేం తెలుసు? "పులి గారూ, మీరు చేర్చినదానికి మూలం ఇవ్వగలరు" అని అక్కడ ఎంతో మర్యాద. మా ఇంట్లో నన్ను 'గారు' అన్న దాఖలా లేదు.

మర్యాద నాకే గానీ, నిజానికి వేల ఊళ్ల పేజీలను మొలకలుగా నాటింది బాట్లు అనే ప్రోగ్రాములు. అవి శాలువా అడగవు, వికీ రచ్చబండలో అలగవు. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా అయ్యాక, ఊరూరి పేజీలో నల్గొండ తీసి సూర్యాపేట పెట్టడం ఎంత చాకిరీ! అదీ పేజీ చరితంలో ఒక్క వరుసే. ఖాతా లేకుండా అంకెలతో వచ్చి ఒక దీర్ఘం సరిచేసి పోయినవాడికైతే 'ధన్యవాదాలు' మీట కూడా పనిచేసేది కాదు. పెద్ద పీట లేకపోలేదు. కోదాడ దాటాక పెనుగంచిప్రోలులో పుట్టి, తెలుగులో విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్న కొమర్రాజు లక్ష్మణరావు పేరిట 2013 నుంచి పురస్కారం ఇచ్చారు.

నాకొచ్చింది చిన్నది, చర్చా పేజీలో ఓ పతకం. ఫోన్లో మా చిన్నాయనకు చూపించాను.

"బంగారమా?"

"బొమ్మ, చిన్నాయనా."

"నీ పేరేడుందిరా? ఎవలో పులి అని ఉంది."

"ఆ పులిని నేనే."

నన్ను కిందికీ పైకీ చూసి ఊరి పేజీ తెరవమన్నాడు. వేలితో జరుపుతూ పోయి 'గ్రామ ప్రముఖులు' దగ్గర ఆగాడు.

"ఇండ్ల నా పేరు రాయి."

"మూలం కావాలె చిన్నాయనా. పేపర్లనో, పుస్తకంలనో రావాలె."

"నేనే నీ ముంగట నిలబడి చెప్తున్న గదరా, ఇంకా మూలమేంది?"