మా ఇంటి రూపాయల బండి

మా బావమరిది లెక్కలో కార్లు రెండే రకాలు. ఫార్చూనర్లు, ఫార్చూనర్లు కానివి. 2017లో నేను స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కొన్నప్పుడు అతను దాని చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, “షోరూమ్ ధరే పాతిక లక్షల దాకా పోసి, సెడాన్ కొన్నావా బావా?” అన్నాడు. అని ఊరుకోకుండా, ఈ మధ్య ఈయనకి ఒంట్లో బాగోలేదా అన్నట్టు వాళ్లక్క వైపు చూశాడు.

అతన్నని ప్రయోజనం లేదు. బండి వాలకమే అంత. బ్యాంకులో చీఫ్ మేనేజరు రిటైరయ్యే ముందు స్టాఫ్ లోను మీద కొనుక్కునే కారనిపిస్తుంది. గ్రిల్లు నల్లగా ఉందనీ, చక్రాల సందుల్లో బ్రేకు కాలిపర్లు ఎర్రగా ఉన్నాయనీ దగ్గరికెళ్లి వంగి చూసినవాడికే తెలుస్తుంది. అంత ఓపిక ఎవడికుంది? డిక్కీ మీద ఓ మూల ఆర్‌ఎస్ అన్న బిళ్ల ఉంటే, మా ఫ్లాట్ల సంఘం కార్యదర్శిగారు కళ్లజోడు సవరించుకుని చదివి, “ఆర్‌ఎస్ అంటే రూపాయలే కదండీ, పక్కన అంకె వెయ్యడం మర్చిపోయినట్టున్నారే” అన్నారు. అది ర్యాలీ స్పోర్ట్ అనీ, 1977లో మాంటె కార్లో ర్యాలీలో స్కోడా 130 ఆర్‌ఎస్ తన తరగతిలో గెలిచిందనీ ఆయన్ని లిఫ్టు దగ్గర పట్టుకుని మరీ చెప్పాను. ఈలోగా లిఫ్టు వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. పాపం, పెద్దమనిషి.

లోపల ఏముందో చెప్పకపోతే నాకు తిన్నది అరగదు. రెండు లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, 230 గుర్రాల బలం, 350 న్యూటన్ మీటర్ల టార్కు. ఆగినచోటి నుంచి వంద అందుకోవడానికి కంపెనీవాళ్లు చెప్పింది 6.8 సెకన్లు. గరిష్ఠ వేగం 250. మన ఔటర్ రింగ్ రోడ్డు మీద అనుమతి 120. మిగతా 130 నాకు ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిది. ముట్టుకోను, ఉందన్న ధీమా చాలు.

2011లో దీని అన్నగారిని, అంటే ముందు తరం ఆర్‌ఎస్‌ని, బ్రిటన్ స్కోడావాళ్లు అమెరికాలోని బోన్విల్ ఉప్పుమైదానానికి పట్టుకెళ్లి, ఇంజనుకి దండిగా మేపు పెట్టి, గంటకి 365 కిలోమీటర్లు పరిగెత్తించారు. బ్రిటన్‌లో పోలీసులు దొంగల వెంటపడటానికి ఈ బండ్లని కూడా వాడతారు. ఇక్కడ నన్ను పోలీసాయన కన్నెత్తి కూడా చూడడు. ఒక్కసారి ఆపితే బాగుండును, “ఏం బండి సార్ ఇది?” అని అడుగుతాడేమోనని ఆశ. ఎవరికీ తెలియకపోవడంలోనే దీని గొప్పంతా ఉందని ఎదురుపడ్డ ప్రతివాడికీ చెబుతూ ఉంటాను.

అసలు పరీక్ష మా కాలనీలో. మామూలు ఆక్టేవియా కన్నా ఆర్‌ఎస్ ఎత్తు తక్కువ. మా కాలనీలోనేమో ఇల్లు కట్టినవాడల్లా మిగిలిన సిమెంటుతో గేటు ముందు ఓ స్పీడ్ బ్రేకరు పోయించుకున్నాడు. తిన్నగా ఎక్కితే బండి పొట్ట గర్రున గీరుకుంటుంది. అందుకని ఏటవాలుగా వెళ్లాలి. ముందు ఎడమ చక్రం ఎక్కించి, అది దిగుతుండగా కుడిది ఎక్కించి, వెనకవాటికీ అదే మర్యాద చెయ్యాలి. అంతసేపూ వెనక ఆటో హారన్ ఆగదు. అత్తయ్యగారూ మామయ్యగారూ కూడా ఎక్కిన రోజున ఈ విద్యా పనికిరాదు. మామయ్యగారే పాపం అర్థం చేసుకుని దిగి, పంచె ఎగ్గట్టి అవతలి పక్క నిలబడి, “రా... రా... కొంచెం ఎడంపక్కకి... ఆఁ, రానీ” అంటూ చెయ్యి ఊపుతారు. అత్తయ్యగారు మాత్రం దిగరు. వెనక సీట్లోంచి, “ఇది చాలా స్పీడు బండన్నారు కదా అల్లుడుగారూ?” అని నెమ్మదిగా అడుగుతారు.

మామయ్యగారు బండికి పడిపోయింది ఇంజను చూసి కాదు, డిక్కీ చూసి. 590 లీటర్లు! పైగా వెనక అద్దంతో సహా తలుపంతా పైకి లేస్తుంది. గుంటూరు నుంచి తిరిగొచ్చేటప్పుడు బియ్యం బస్తా, కారం డబ్బాలు, అరటి గెల, ఆవకాయ జాడీలు అన్నీ సర్దేశాక కూడా, “ఇంకో బస్తా పట్టేదయ్యా” అని ఆయన బాధపడ్డారు. మూడో వరుసలో కూడా మనుషుల్ని ఎక్కించుకుని వచ్చిన మా బావమరిది సంచులు ఎవరి ఒళ్లో ప్రయాణం చేశాయో నేను చెప్పను. ఆ రోజు టోల్‌గేటు దాటగానే రోడ్డు ఖాళీగా కనిపించి కాలు కాస్త గట్టిగా నొక్కానో లేదో, “ఆవకాయ!” అని మా ఆవిడ కేక. జాడీ మూతికి కట్టిన గుడ్డ చుట్టూ అప్పటికే ఎర్రగా నూనె ఊరింది. ఈ బండిని 250 దగ్గర ఆపేది ఎలక్ట్రానిక్ లిమిటరని పుస్తకంలో రాశారు గానీ, మా ఇంట్లో ఆపేది జాడీ.

కిందటి సంక్రాంతికి సెల్లారులో ఎవరి బండో అడ్డం ఉండి మా బావమరిది ఫార్చూనర్ బయటికి రాలేదు. “ఈ అగ్గిపెట్టెలో నా మోకాళ్లు పడతాయా?” అంటూనే నా తాళాలు తీసుకున్నాడు. తిరిగొచ్చి ఏమీ అనలేదు. కాఫీ తాగాడు, కాసేపు టీవీ చూశాడు. తర్వాత వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ తలుపు తీశాడు. పాల ప్యాకెట్లు వరసగా ఉన్నాయి. చూసి, తలుపు వేసేశాడు.

“పాలు అయిపోయినట్టున్నాయి బావా. ఓసారి ఆ తాళాలు ఇటివ్వు.”

పాల దుకాణం మా గేటు ఎదురుగానే ఉంది. మనిషి గంటన్నరకి వచ్చాడు. పాలు శంషాబాద్‌లో దొరికాయట.