లాగిన్ ఐడీ నా దగ్గరే ఉంది

ఎప్‌సెట్ రాసింది మా అమ్మాయి. మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో సగం లెక్కలే. ఆ చిన్న పని తనే కానిచ్చింది. ఆ తర్వాత జరిగినదంతా నా ప్రతాపం.

దరఖాస్తులో మొబైల్ నంబరు అడిగినచోట నాది ఇచ్చాను. ఆ ఒక్క ఎత్తుతో రాజ్యం నా చేతికొచ్చింది. సర్టిఫికెట్ల పరిశీలన అయ్యాక లాగిన్ ఐడీ మెసేజ్ వచ్చేది ఆ నంబరుకే. పాస్‌వర్డ్ మర్చిపోతే ఓటీపీ వచ్చేదీ ఆ నంబరుకే. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకువాళ్లు మొత్తుకుంటారు కదా, నేను ఇంట్లోవాళ్లకి కూడా చెప్పదలుచుకోలేదు.

నా అర్హత అడక్కండి. మా రోజుల్లో దాన్ని ఎంసెట్ అనేవారు. (డాక్టరు సీట్లు నీట్‌కి వెళ్లిపోయాక కూడా తెలంగాణలో 2023 దాకా ఆ పేరే నడిచింది.) నా ర్యాంకు చూసి మా నాన్న ఒక్క మాటా అనకుండా బీకాంలో చేర్పించారు. అప్పుడు ఆగిపోయిన ఇంజనీరింగ్ ఇన్నాళ్లకు మళ్లీ నాలో కదిలింది.

కిందటేడాది ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీకి ఏ ర్యాంకు దగ్గర సీటు ఆగిందో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. దాన్ని ప్రింటు తీయించి పంచాంగంలా పొద్దున్నే చదవడం మొదలుపెట్టాను. కాఫీ తాగుతూ ‘సీఎస్‌ఎం, సీఎస్‌డీ, సీఎస్‌సీ’ అని గొణుక్కుంటుంటే మా ఆవిడ నాకు షుగర్ పరీక్ష చేయించాలంది. ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అని వివరించాను. ‘‘అయితే బీపీ కూడా’’ అంది.

ఎక్సెల్ షీటుకు రంగులు వేశాను. వచ్చి తీరుతుందనుకున్నవి పచ్చ. దేవుడి దయ ఉంటే వచ్చేవి పసుపు. మా తోడల్లుడి కొడుకు చదివిన కాలేజీ, దానికంటే కిందవన్నీ ఎరుపు. ఈ ఎరుపు వెనక ఉన్న విద్యావిధానం ఏమిటని అమ్మాయి అడిగింది. పెద్దయ్యాక తెలుస్తుందన్నాను.

కాలేజీలు చూడటానికీ వెళ్లాం. ల్యాబులు వాళ్లిద్దరూ చూశారు, నేను పార్కింగు, క్యాంటీన్ టీ, ప్రిన్సిపాల్ గదిలో ఏసీ చూశాను. ఉద్యోగాలొచ్చిన పిల్లల ఫొటోలతో గేటు దగ్గర ఫ్లెక్సీలుంటాయి. ఒకే అమ్మాయి ముఖం రెండు కాలేజీల ఫ్లెక్సీల మీద కనబడితే, పాపం రెండుచోట్లా ఎలా చదివిందో అని జాలిపడ్డాను.

అసలు గొడవ ఆప్షన్ల వరస దగ్గర వచ్చింది. పేరున్న కాలేజీలన్నీ పైన పెడితే అత్యాశపరుడినని కంప్యూటర్‌కి కోపమొచ్చి ఎక్కడో విసిరేస్తుందని నా అనుమానం. అందుకని వినయంగా మొదటి స్థానంలో ఒక మోస్తరు కాలేజీ పెట్టాను. అమ్మాయి నన్ను కూర్చోబెట్టి ఒకటో తరగతి పిల్లాడికి చెప్పినట్టు చెప్పింది: ‘‘నాన్నా, అది ర్యాంకుల వరసలో వస్తుంది. నా వంతు వచ్చినప్పుడు నా జాబితా పైనుంచి చదువుతుంది. నా కేటగిరీలో ఖాళీ ఉన్న మొదటి సీటు ఇచ్చేస్తుంది. పైన ఎన్ని పెద్దవి పెట్టినా నష్టం లేదు. నష్టమల్లా ఇష్టం లేనిది పైన పెడితేనే. అదే ఇచ్చి ఊరుకుంటుంది.’’

‘‘మరి నీకేది ఇష్టం?’’ అని అప్పుడు నేను అడిగి ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది. ‘‘నీకు తెలీదులే’’ అన్నాను.

ఈమధ్య అసలు కేటాయింపుకు ముందు మాక్ అలాట్‌మెంట్ అని ఒకటి పెడుతున్నారు. ఇప్పుడున్న ఆప్షన్లతో ఏ సీటు రావచ్చో చూపించి, మార్చుకోవడానికి వ్యవధి ఇస్తారన్నమాట. నాకు ‘అలాట్‌మెంట్’ ఒక్కటే కనబడింది. సీఎస్‌ఈ! అపార్ట్‌మెంటంతా మైసూర్‌పాక్ పంచాను. తోడల్లుడికి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాను. ‘మాక్’ మీద మా ఆవిడ వేలు పెట్టి చూపించేసరికి వాచ్‌మన్ వాటా కూడా అయిపోయింది.

అసలు కేటాయింపు రోజున ఈసీఈ వచ్చింది. కాలేజీ మాత్రం నా పచ్చ గళ్లన్నింటికంటే మంచిది. నా వ్యూహం ఊహించినదానికంటే బాగా పనిచేసిందని రాత్రి భోజనాల దగ్గర చిన్న ఉపన్యాసం ఇచ్చాను. తల్లీకూతుళ్లు తలలు వంచుకుని శ్రద్ధగా పప్పన్నం తిన్నారు. లాగిన్ ఐడీ నా ఫోన్‌లోనే భద్రంగా ఉంది. కానీ పాస్‌వర్డ్ పెట్టింది అమ్మాయి, రెండూ సేవ్ అయి ఉన్నది దాని ల్యాప్‌టాప్‌లో. ఈసీఈ మీద దాని మనసు ఇంటర్ మొదటి ఏడాది నుంచీ ఉందట. మా వీధి ఇస్త్రీ అబ్బాయికి కూడా తెలుసు.

ఫీజు ఆన్‌లైన్‌లో కట్టి, సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి, చెప్పిన రోజున కాలేజీకి వెళ్లాం. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లున్న ఫైలు నా చంకలోనే ఉంది, ఎవరికీ ఇవ్వలేదు. క్లర్కు ఫారం ఇచ్చాడు. దర్జాగా కుర్చీ లాక్కుని నింపి, కింద సంతకం చేసి ఇచ్చాను.

ఆయన ఫారం చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ ఫారం చూశాడు. ‘విద్యార్థి సంతకం’ అన్నచోట నా సంతకం, చివర గీతతో సహా, నిండుగా ఉంది.

‘‘హాస్టలా, డే స్కాలరా సార్?’’ అన్నాడు నన్నే చూస్తూ.

‘‘డే స్కాలరేనండీ,’’ అంది మా ఆవిడ వెనకనుంచి, ‘‘ఈయనకి బయటి తిండి పడదు.’’