మావాడు ఏమీ అనడండీ

హైదరాబాదులో కొండాపూర్, మియాపూర్, నల్లగండ్ల వైపు ఏ గేటెడ్ కమ్యూనిటీకి వెళ్ళినా ఆయన ఒకరు ఉంటారు. ఆధార్ కార్డు మీద ఏదో ఒక పేరు ఉండే ఉంటుంది. అది మెయింటెనెన్సు రసీదు రాసే గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ ఆయన బ్రూనో వాళ్ళ డాడీ, ఆవిడ బ్రూనో వాళ్ళ మమ్మీ. ఇంట్లో ఇంజనీరింగ్ చదివే కొడుకు కూడా ఉన్నాడు. కాకపోతే ఆ పిల్లాడి పేరుతో వాళ్ళని పిలిచినవాళ్ళు లేరు. 'బ్రూనో వాళ్ళ అన్నయ్య' హోదాలో పాపం సర్దుకుపోతున్నాడు.

పొద్దున్న ఆరింటికి వాకింగ్ ట్రాకు మీద ముందు బ్రూనో కనబడతాడు. అయిదు మీటర్ల తరవాత డాడీ కనబడతారు. ఆ మధ్యలో ఉండేది పిడిలోంచి సాగుతూ పోయే తాడు. పిడి మీద ఒక బొత్తాం ఉంటుంది, నొక్కితే తాడు ఆగుతుంది. దాని మీద ఆయన బొటనవేలు పడగా చూసినవారు లేరు. ఆ బొటనవేలు ఫోను మీద ఉంటుంది మరి. కాలనీ అంతా ఈ అయిదు మీటర్లలోనే బతకాలి. మోకాళ్ళ ఆపరేషన్ అయ్యాక డాక్టరు నడవమన్న మామ్మగారు, పాలపాకెట్లు వేసే కుర్రాడు, స్కూలు బస్సుకి పరిగెత్తే పిల్ల, అందరూ ఆ తాడుని దాటో, దాని కింద దూరో పోవాలి.

బ్రూనో హస్కీ. సైబీరియాలో మంచు మీద బళ్ళు లాగడానికి పెంచిన జాతి. ఇక్కడ బండి లేదు గనక డాడీని లాగుతాడు. ఎవరు ఎవరిని నడకకి తీసుకొచ్చారో దూరం నుంచి చూస్తే చెప్పడం కష్టం. వేసవిలో నలభై డిగ్రీల ఎండ కాస్తే వాడికోసం పడకగదిలో పగలంతా ఏసీ తిరుగుతుంది. కొడుకు ఏసీ వేస్తే మాత్రం కరెంటు బిల్లు గురించి ఉపన్యాసం ఉంటుంది.

ఆయనకి కుక్కల మీద ప్రేమ నిన్నమొన్న పుట్టింది కాదు. చిన్నప్పుడు గుంటూరులో వాళ్ళింట పొమరేనియన్ ఉండేది. అది గేటు దాటి ఎరగదు, అందరినీ లోపలినుంచే తిట్టేది. 2003లో హచ్ ఫోన్ల ప్రకటనలో పిల్లాడి వెనకాలే నడిచే పగ్‌ని చూసి ఊరంతా పగ్‌లు కొన్నప్పుడు ఈయనా కొన్నారు. జీతం పెరిగింది, ఫ్లాటు పెద్దదయింది, కుక్క కూడా పెరిగింది. పెరగనిది ఒక్కటే, తాడు పట్టుకునే తెలివి. పగ్‌ని పట్టుకున్నట్టే, రెండు వేళ్ళతో, హస్కీని పట్టుకుంటారు.

ఇక ఆయన మాట. బ్రూనో మొరిగితే, "మీతో కబుర్లు చెబుతున్నాడండీ." రెండు కాళ్ళూ ఎత్తి మీ గుండెల మీద పెడితే, "ఆడుకుంటున్నాడండీ." పంచె కొసో చున్నీ కొసో నోట కరుచుకుంటే, "మీరు వాడికి నచ్చారండీ." ఒకవేళ పన్ను దిగితే, "ఇంతకుముందు ఎప్పుడూ ఇలా చెయ్యలేదండీ." ఎంతమందిని కరిచినా ప్రతిసారీ అదే మొదటిసారి. వీటన్నిటికీ పల్లవి, "మావాడు ఏమీ అనడండీ." అనడు, నిజమే. ఆ విషయంలో ఎవరికీ ఫిర్యాదు లేదు. చేస్తాడనే బాధ.

మీరు వెనక్కి తగ్గారా, తప్పు మీ మీదికి వస్తుంది. "మీరు భయపడ్డారు కదా, వాడికి తెలిసిపోతుంది. అందుకే మీద పడ్డాడు." అరవై ఎనిమిదేళ్ళ పెద్దాయన చేతికర్రతో వస్తుంటే ఒకసారి ఎదురెళ్ళి మరీ చెప్పారు, "బాబాయ్ గారూ, ఆ కర్ర రేపట్నించి తీసుకురాకండి. మావాడికి కర్ర చూస్తే టెన్షన్." ఆ కర్ర లేకపోతే తనకే నడక లేదని ఆ పెద్దాయన చెప్పబోయేలోపు డాడీని బ్రూనో లాక్కుపోయాడు.

కుక్కతో ఆయన ఇంగ్లీషే మాట్లాడతారు. భార్యతో తెలుగు, కొడుకుతో తెలుగు, బ్రూనోతో మాత్రం "నో బేబీ, సిట్, కమాన్, గుడ్ బాయ్." ఇందులో బ్రూనోకి పట్టుబడింది 'గుడ్ బాయ్' ఒక్కటే, ఏం చేసినా అదే వినబడుతుంది గనక. డాడీ ఊళ్ళో లేనప్పుడు వాడిని నడిపించడానికి వాచ్‌మన్ మేనల్లుడు వస్తాడు. శ్రీకాకుళం నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ళ కుర్రాడు. తాడుని మోచేతికి రెండు చుట్లు చుట్టి, పొట్టిగా పట్టుకుని, "ఏట్రా ఆ దూకుడు? కూకో!" అంటాడు. సైబీరియా శునకం ఠక్కున కూకుంటుంది. మామ్మగారు దాటి వెళ్ళేదాకా కూకునే ఉంటుంది. "నడు" అంటే నడుస్తుంది. దగ్గరుండి చూశాను గనక చెబుతున్నాను, ఆ కుర్రాడు గొంతు పెంచలేదు, కర్ర ఎత్తలేదు, జేబులో బిస్కెట్టు కూడా లేదు. అతను కుక్కని చూస్తూ నడిచాడు, అంతే.

అసలు బ్రూనో మంచివాడు. హస్కీ జాతికి రోజూ బాగా పరుగు కావాలి, పని కావాలి. వాడికి దొరికేది డాడీ ఫోను చూసుకునే ఇరవై నిమిషాలు. మిగతా రోజంతా మూడు గదుల ఫ్లాటులో సోఫా మీద ఉండి, పొద్దున్నే మనుషులు కనబడితే పిచ్చెత్తకుండా ఎలా ఉంటాడు? కొండాపూర్‌లో కుక్కల కోసమే మునిసిపల్ కార్పొరేషన్ వాళ్ళు 2018లో పార్కు తెరిచారు. ఆటవస్తువులు, గెంతడానికి అడ్డంకులు, అన్నీ పెట్టారు. "వెళ్ళచ్చు కదండీ" అంటే, "అక్కడ వేరే కుక్కలు ఉంటాయండీ, వాటి ఓనర్లకి అసలు బాధ్యత ఉండదు" అన్నారు. ఇంత మాట అని కూడా ఆయన మొహంలో ఏమీ కదల్లేదు.

తాడు పిడికి ఒక చిన్న డబ్బా వేలాడుతుంటుంది. అందులో కవర్ల చుట్ట ఉంటుంది, కుక్క వీధిలో కూర్చుంటే ఎత్తడానికి. బ్రూనోని తెచ్చినప్పుడు కొన్నదే, ఇప్పటికీ కొత్తగానే ఉంది. వాడు నడుం వంచగానే డాడీకి హఠాత్తుగా ప్రకృతి మీద ప్రేమ పుడుతుంది. ఆకాశం చూస్తారు, వేపచెట్టు చిగుళ్ళు చూస్తారు, ఎదురు బ్లాకులో ఎన్ని అంతస్తులో లెక్కపెడతారు. కార్యం ముగిశాక, అక్కడ జరిగినదానితో తనకేమీ పరిచయం లేనట్టు ముందుకి సాగుతారు. ధనుర్మాసంలో విల్లాల ముందు ఆడవాళ్ళు తెల్లవారుజామున లేచి, నడుం విరిగేలా వంగి చుక్కల ముగ్గులు వేసి గొబ్బెమ్మలు పెడతారు. బ్రూనో గొబ్బెమ్మ దగ్గర కాలెత్తిన రోజున ఆ ఇంటావిడ నోట మాట రాలేదు. డాడీ నోటినుంచి వచ్చింది, "వాడికీ పండగే కదండీ."

ఆ రోజు వాట్సాప్ గ్రూపు అట్టుడికిపోయింది. సాయంత్రానికల్లా డాడీ పీడీఎఫ్ పెట్టారు. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు. కుక్కని పెంచకూడదని సంఘం తీర్మానం చెయ్యడానికి వీల్లేదు, లిఫ్టు ఎక్కనివ్వం అనడానికి వీల్లేదు, మొరుగుతోందని వెళ్ళగొట్టడానికి వీల్లేదు. అన్నిటి కిందా పసుపు గీతలు. ఆ పైన రాజ్యాంగం 51ఏ అధికరణం, జీవకారుణ్యం పౌరుడి బాధ్యత అన్న ముక్క. ఆయన చెప్పినవన్నీ నిజమే. కాకపోతే అదే పీడీఎఫ్‌లో బయట తాడు కట్టి తిప్పమనీ, కుక్క చేసింది ఎత్తమనీ యజమానులకి చెప్పిన చోట పసుపు రంగు అయిపోయినట్టుంది.

జనరల్ బాడీ మీటింగులో ఏకంగా మహాభారతమే ఎత్తారు. "స్వర్గానికి కుక్కని రానివ్వకపోతే ధర్మరాజు స్వర్గమే వద్దన్నాడు. మీ లిఫ్టు ఎంతండీ?" అందరూ కాసేపు నోరెత్తలేదు. రిటైరయిన లెక్కల మాస్టారు మాత్రం కళ్ళజోడు సవరించుకుని, "నిజమే నాయనా, అయితే ఆ కుక్క హిమాలయాల దాకా తాడు లేకుండా వెనకాలే నడిచింది, దారిలో ఎవరి మీదా పడలేదు" అన్నారు. ఆ వాక్యాన్ని మినిట్సులో ఎక్కించాలని తీర్మానం చేశారు. డాడీ వ్యతిరేకంగా ఓటు వేశారు.

హాస్యం ఆగే చోటు ఒకటుంది. మొన్నామధ్య పాలపాకెట్ల కుర్రాడి పిక్క మీద పన్ను దిగింది. డాడీ మొదటి మాట, "గోరు తగిలిందంతే." రెండో మాట, "మావాడికి టీకాలన్నీ వేయించాం." వేయించారు, సంతోషం. అయినా కరిచిన చోట సబ్బుతో, ధారగా పారే నీటి కింద పావుగంట కడగాల్సిందే, డాక్టరుకి చూపించాల్సిందే. చేతి కండకి సూది అంటే ఆ రోజు, మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఎనిమిది. ఆ కుర్రాడు తెల్లవారుజామున పాలు వేసి, పగలు ఇంకో పని చేసుకునేవాడు. సూది పడిన ప్రతి రోజూ పగటి పని పోయింది. మర్నాడు డాడీ ఎదురుపడి పలకరించారు, "పాపం, బ్రూనో షాకయిపోయాడు, రాత్రి ఏమీ తినలేదు."

భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షను ఉంది. తన దగ్గరున్న జంతువు వల్ల మనిషి ప్రాణానికో, తీవ్రమైన గాయానికో అవకాశం ఉందని తెలిసీ, లేదా నిర్లక్ష్యంతో, తగిన జాగ్రత్త తీసుకోనివారికి ఆరు నెలల దాకా జైలు, లేదా అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ సంగతి సెక్రటరీ గారు చెబితే డాడీ తెల్లబోయారు. "జంతువు ఎవరండీ ఇక్కడ? వాడు మా ఫ్యామిలీ మెంబరు."

ఆయనతో చిక్కంతా ఇదే. పుట్టినరోజు కేకు దగ్గర, ఫొటోల దగ్గర, సంక్రాంతికి కుట్టించిన సిల్కు చొక్కా దగ్గర ఆయన కన్నతండ్రి. కుక్క ఎవరిమీదనైనా దూకినప్పుడు మాత్రం దారిన పోయే దానయ్య. కొడుకు ఎదురింటి అద్దం పగలగొడితే తండ్రి వెళ్ళి డబ్బులిచ్చి వస్తాడు. ఈ తండ్రి ముద్దులు తనవంటారు, మురికి మునిసిపాలిటీదంటారు.

పొద్దున నడకకి వెళ్ళేవారికి ఒక మాట. ఎదురుగా తాడు వదులైన కుక్క వస్తే పరుగెత్తకండి, అరవకండి, దాని కళ్ళలోకి చూడకండి. చేతులు ఒంటికి ఆనించి, పక్కకి తిరిగి, కదలకుండా నిలబడండి. వాసన చూసి పోతుంది చాలాసార్లు. అది కుక్కతో. డాడీతో మాత్రం తిన్నగా కళ్ళలోకి చూసే చెప్పండి, "తాడు పొట్టిగా పట్టుకోండి సార్, కవరు తీయండి." ఆయన ఏమీ అనరండీ.