ఆయనకేం తెలీదండీ

మా ఆవిడ నాకు తెలివి లేదని ఎప్పుడూ అనలేదు. "తెలీదు" అంటుంది. రెంటికీ చాలా తేడా ఉంది. తెలివి లేనివాణ్ణి తిడతారు. తెలీనివాణ్ణి ఫ్యాను కింద కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు.

"ఆయనకేం తెలీదండీ, నాతో చెప్పండి" అని పాలబ్బాయితో, కేబుల్ అతనితో ఆవిడ అంటూంటే, నేను పేపరు వెనకాల హాయిగా ఉండేవాణ్ణి. మా అత్తగారు ఇంకాస్త మర్యాదగా "అల్లుడుగారు అమాయకులు" అంటారు. సంస్కృతంలో ఆ మాటకి మాయ లేనివాడని అర్థం. ఆవిడ నోట మాత్రం, సంచీ ఇచ్చి బజారుకి పంపకూడనివాడని.

ఈ సుఖానికి ఎసరు మా ఊరే పెట్టింది. రావులపాలెంలో కాపురముంటూ అరటిపండు సంగతి తెలీదంటే ఎవరు నమ్ముతారు? గౌతమీ వశిష్ఠల మధ్య పండిన గెలలు మా మార్కెట్లోనే లారీలెక్కి ఒడిశా, తమిళనాడు దాకా వెళ్తాయి. హైదరాబాదు నుంచి వచ్చిన మా తోడల్లుడు "అన్నయ్యగారూ, కర్పూరానికీ అమృతపాణికీ తేడా ఏంటండీ?" అన్నాడు. ఊరి పరువు గుర్తొచ్చింది. "అంతా విత్తనంలో ఉంటుందోయ్" అని మొదలెట్టాను.

వంటింట్లో గరిట ఆగింది. "అరటికి విత్తనమేమిటండీ? పిలకలు కదూ నాటేది!" అంటూ వచ్చి, కర్పూరం కాస్త పులుపు తగిలే తీపనీ, నిలవుంటుంది గనక దూరాలు వెళ్తుందనీ, అమృతపాణి మగ్గితే గెల నుంచి పళ్ళు రాలిపోతాయనీ రెండు ముక్కల్లో తేల్చేసింది.

భర్తృహరిని తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి మన పెద్దాపురం వైపు వాడే. తెలియనివాడికి చెప్పొచ్చు, తెలిసినవాడికి ఇంకా సులువుగా చెప్పొచ్చు, తెలిసీ తెలియనివాడు బ్రహ్మకీ లొంగడన్న పద్యం బళ్ళో బట్టీ పట్టాను. ఆ మూడోవాడెవడో అప్పుడు తెలిస్తే సిగ్గుపడి ఆ పూట బడి ఎగ్గొట్టేవాణ్ణి.

ఆ మర్నాటి నుంచి ఇంట్లో మాట మారిపోయింది. "అబ్బో, ఆయనకి తెలియందేముంది!" తెలుగులో ఇంతకన్నా పెద్ద తిట్టు నేనెరగను. తిట్టుతో పాటు సంచీ కూడా వచ్చింది, ఒక అత్తం చక్కెరకేళి తెమ్మని.

"తెల్లదాండీ, ఎర్రదాండీ?" అన్నాడు కొట్టబ్బాయి.

"ఏది మంచిదైతే అదియ్యి" అన్నాను.

"ఆయ్, తమరిది ఏ ఊరండీ?"