శవపేటికందని టోపి: సటీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

చచ్చి లేచువాడు శవపేటి కందని
నల్ల టోపి పెట్టి నడుచువాడు
తలను కింద జేసి దయతోడ దించెడి
మల్లు డెవ్వ డయ్య మార్కు గాక!

అవతారిక

ఈ పద్యం ఏ ప్రబంధంలోదీ కాదు. తొంభైల్లో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఆటవెలదిలో సొంతంగా ఒక పద్యం కట్టుకు రమ్మని తెలుగు మాస్టారు పురమాయిస్తే, వెనక బెంచీలో వస్తాదుల బొమ్మల ట్రంప్ కార్డులు పంచుతూ కట్టింది. మాస్టారు గణాలు లెక్కపెట్టి తల ఊపారు. అర్థం చదివి తల పట్టుకున్నారు. పదికి నాలుగు వేసి, ఆ నాలుగూ ఛందస్సుకే సుమా అన్నారు. అర్థానికి రావలసిన ఆరూ ముప్పై ఏళ్లుగా బాకీ పడి ఉన్నాయి. పెద్దల పద్యాలకు టీక రాసిపెట్టడానికి ఎవరో ఒకరు పుడతారు. నాలాంటివాడు తన పద్యానికి తానే రాసుకోవాలి.

నాయకుడు ధీరోదాత్తుడు కాదు, ధీరలలితుడు అసలే కాదు. 1965లో టెక్సాస్ రాష్ట్రం హ్యూస్టన్‌లో పుట్టిన మార్క్ కాలవే. రింగులో పేరు అండర్‌టేకర్, అనగా శవాన్ని సిద్ధం చేసి, పెట్టెలో పెట్టి, సాగనంపే వృత్తివాడు. మన హరిశ్చంద్రుడు కాటికాపరి పని అప్పు తీర్చడానికి చేశాడు, ఈయన జీతానికి చేశాడు. 1990 నవంబరు 22న సర్వైవర్ సిరీస్ కుస్తీ పోటీల్లో అవతరించి, సరిగ్గా ముప్పై ఏళ్లకు, 2020 నవంబరు 22న, అదే సర్వైవర్ సిరీస్‌లో సెలవు పుచ్చుకున్నాడు. ఆ పోటీలు నడిపే కంపెనీ పేరు మాత్రం మధ్యలో మారింది. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అన్న పొడి అక్షరాల మీద పాండా గుర్తు గల వన్యప్రాణి సంరక్షణ సంస్థ కోర్టుకెక్కి గెలిస్తే, 2002లో చివరి అక్షరం 'ఈ' అయింది. ఇంతమంది వస్తాదులు కలిసి ఒక పాండాను ఓడించలేకపోయారు.

ఇక ఆట స్వరూపం. గెలిచేదెవరో ముందే రాసి ఉంటుంది. కురుక్షేత్రంలోనూ అంతే, కాకపోతే అక్కడ కృష్ణుడికి తెలుసు, అర్జునుడికి తెలియదు. ఇక్కడ కొట్టుకునే ఇద్దరికీ తెలుసు, టిక్కెట్టు కొన్నవాడికి తెలియదు.

ప్రతిపదార్థం

చచ్చి = వేలమంది ఎదుట, రెఫరీ లెక్క రెండు దాకా, మరణించి; లేచువాడు = నడుము దగ్గర మడతమంచంలా విచ్చుకుని చటుక్కున లేచి కూర్చుండువాడు; శవపేటికి = మూత గల పొడవాటి పెట్టెకు; అందని = చిక్కని, లేక చాలని; నల్ల టోపి = వెడల్పు అంచు గల నల్లని టోపీని; పెట్టి = ధరించి; నడుచువాడు = గంట మోగిన తరువాత, తలుపు నుండి తాళ్ల దాకా రావడానికి, మనం టీ కాచుకుని తాగేంత సేపు తీసుకొనువాడు; తలను = ఎదుటివాని శిరస్సును; కింద జేసి = కాళ్లుండవలసిన చోటికి తెచ్చి; దయతోడ = కనికరముతో; దించెడి = నేలకు చేర్చునట్టి; మల్లుడు = వస్తాదు; ఎవ్వడు అయ్య = ఎవడున్నాడయ్యా; మార్కు గాక = మార్కు తప్ప.

ఆక్షేపణ. ఆ పట్టు పేరు టోంబ్‌స్టోన్, అనగా సమాధిరాయి. మనిషిని తలకిందులుగా పట్టుకుని మోకాళ్లమీద కూలబడే పట్టుకు 'దయతోడ' ఏమిటి? మాస్టారి ఎర్రసిరా గీత సరిగ్గా ఈ మాట కిందే పడింది. సమాధానం ముందుంది. నాయకుడి నడక తెలిసినవాడు తొందరపడడు.

'చచ్చి లేచువాడు'

ఈయనకు ఏడు ప్రాణాలని మా వీధి సంప్రదాయం. తొమ్మిదని పక్క వీధివారు. ట్రంప్ కార్డులో ఎత్తు, బరువు, ఛాతీ, కండలు, పోరాడినవి, గెలిచినవి అని గళ్లున్నాయి గాని ప్రాణాల గడి లేదు కనుక వివాదం తెగలేదు. ప్రమాణాలు మాత్రం దండిగా ఉన్నాయి. 1996 అక్టోబరులో మ్యాన్‌కైండ్ అనే వస్తాదుతో పోటీ ముగిశాక సజీవంగా మట్టిలో పూడ్చారు. 1998 జనవరిలో తమ్ముడు కేన్ ఆయనున్న పెట్టెకు తాళం వేసి నిప్పంటించాడు. తెరిచి చూస్తే పెట్టె ఖాళీ. ఈ తమ్ముడు కథలో మాత్రమే తమ్ముడు. అసలు పేరు గ్లెన్ జేకబ్స్. అంతకుముందు పళ్ల డాక్టరు వేషం కట్టి తేలిపోయాడు. 2018లో టెనెసీలోని నాక్స్ కౌంటీకి మేయరుగా ఎన్నికయ్యాడు. అన్నను తగలబెట్టినవాణ్ణి జనం ఎలా నమ్మారని అడిగేవారికి రాజకీయాలు తెలియవు.

అన్నిటిలోకీ రమ్యమైన చావు 1994 జనవరిది. రాయల్ రంబుల్‌లో ప్రత్యర్థి యోకోజునాకు తోడుగా మరికొందరు మల్లులు వచ్చి మీదపడి పెట్టెలో కుక్కారు. పొగ లేచింది. పెద్ద తెరమీద నాయకుడు కనిపించి, మళ్లీ వస్తానని ప్రకటించి, పైకప్పు వైపు తేలిపోయాడు. లౌకిక కారణం నడుం నొప్పి. మన ఆఫీసుల్లో మెడికల్ సర్టిఫికెట్ పెట్టి తీసుకునే సెలవును ఈయన స్వర్గారోహణ పర్వంగా రాయించుకున్నాడు.

ప్రక్షిప్తం

సెలవులో ఉండగానే ఇంకో అండర్‌టేకర్ వచ్చాడు. అదే టోపి, అదే కోటు. 1994 ఆగస్టులో సమ్మర్‌స్లామ్‌లో అసలు, నకిలీ ఎదురుపడ్డాయి, అసలు గెలిచింది. నకిలీ వేషధారి బ్రయన్ లీ. తాళపత్రాలు పరిష్కరించేవారికి ఇలాంటివి కొత్త కాదు. ఎవరో రాయసగాడు పద్యం దూరుస్తాడు, పెద్దలు బాణం గుర్తు వేసి వదిలేస్తారు. ఈ ప్రక్షిప్తం మాత్రం వదల్లేదు. అదే బ్రయన్ లీ 1996లో 'ఖిలాడియోం కా ఖిలాడి' అనే హిందీ సినిమాలో అండర్‌టేకర్‌గా దిగాడు. అక్షయ్ కుమార్ ఆయన్ని ఎత్తి కుదేశాడు. ఆ సినిమా చూసివచ్చిన మా బావ, అండర్‌టేకర్‌ని మనవాడు ఓడించాడు పొమ్మన్నాడు. నేను అన్నం మానేశాను. అది పాఠాంతరమే గాని మూలం కాదని అప్పుడు చెప్పగలిగి ఉంటే ఒక పూట భోజనం దక్కేది.

మూలంలోనూ ఒక పాఠభేదం ఉంది. అవతరించిన కొత్తలో ఈయన పేరు 'కేన్ ద అండర్‌టేకర్'. ముందరి మాట తీసి పక్కన పెట్టారు. ఏడేళ్ల తరవాత తమ్ముడు పుట్టినప్పుడు నామకరణానికి అదే పనికొచ్చింది. పాత గిన్నె పారేయని ఇల్లు అది.

'శవపేటి కందని'

ఇక్కడ రెండు పదవిభాగాలు. శవపేటికి + అందని అన్నది ఒకటి. 'కి' ఏమ్యాదుల్లో ఉంది గనుక ఇత్తుకు సంధి వచ్చింది. పెట్టెకు దొరకనివాడని అర్థం. శవపేటిక + అందని అన్నది రెండోది. పెట్టె చాలనివాడని అర్థం. నాయకుడి ఎత్తు 6 అడుగుల 10 అంగుళాలని ప్రకటన. వడ్రంగి కోణంలోంచి చూస్తే రెండోదే బలమైనది.

అసలు చిక్కు అన్వయంలో ఉంది. 'అందని' అన్న మాట వెనువెంటనే వచ్చే 'టోపి'కి అంటుకుంటుందా, నాలుగో పాదంలో ఉన్న 'మల్లుడి'కా? మల్లుడికైతే దూరాన్వయ దోషం. టోపికైతే అర్థం లేదని మాస్టారు మార్జినులో రాశారు. దీన్ని ప్రస్తుతానికి వదిలేద్దాం.

పెట్టె మాట వచ్చింది గనుక పాల్ బేరర్‌ని స్మరించాలి. అస్థికల పాత్ర రెండు చేతులా పట్టుకుని, కీచుగొంతుతో మూలుగుతూ, తెల్లటి ముఖంతో వెంట నడిచే మేనేజరు. ఇంగ్లీషులో పాడె మోసేవాణ్ణి 'పాల్‌బేరర్' అంటారు. ఆ మాటను ఇంటిపేరుతో సహా మనిషి పేరు చేశారు. అలంకారికులు దీన్ని సభంగ శ్లేష అంటారు. కథ అంతా కల్పనే, ఈయన వృత్తి మాత్రం నిజం. అసలు పేరు విలియం మూడీ, అంత్యక్రియల నిర్వహణ చదువుకుని లైసెన్సు పుచ్చుకున్నవాడు. వేషగాళ్ల గుంపులో శవాన్ని నిజంగా చూసినవాడు మేనేజరొక్కడే.

'దయతోడ'

ఎర్రసిరా దగ్గరికి వచ్చాం.

పైల్‌డ్రైవర్ జాతి పట్లలో పట్టుబడినవాడి మెడ పూర్తిగా పట్టుకున్నవాడి చేతిలో ఉంటుంది, నిజానికి తొడల మధ్య ఉంటుంది. అండర్‌టేకర్ మోకాళ్లమీద దిగుతాడు. ఎదుటివాడి తల ఆయన మోకాళ్లకంటే బెత్తెడు పైన ఆగుతుంది. చప్పుడు మోకాళ్లది, అరుపు జనానిది. కూర్చుండిపోయేలా దిగితే ఆ బెత్తెడు ఉండదు. 1997 ఆగస్టులో ఓవెన్ హార్ట్ అలా దిగాడు. స్టీవ్ ఆస్టిన్ మెడ దెబ్బతిని కాసేపు కాళ్లూ చేతులూ ఆడలేదు. పాకుతూ వెళ్లి, ఎలాగో చుట్టేసి, రాసి ఉన్న గెలుపును పూర్తిచేశాడు. ఆ తరువాతి రోజుల్లో కంపెనీ ఈ జాతి పట్లను దాదాపు అందరికీ మాన్పించింది, ఈ అన్నదమ్ములిద్దరికీ తప్ప. సమాధిరాయి ఎత్తడానికి లైసెన్సు ఇద్దరికే ఇచ్చిందంటే ఆ ఇద్దరి మోకాళ్లమీద ఎంత నమ్మకమో చూడండి.

1991 నవంబరులో హల్క్ హోగన్ మీద గెలిచి తొలిసారి ఛాంపియన్ అయిన రాత్రి సంగతి వేరు. మెడ జాగ్రత్త అని హోగన్ ముందే చెప్పుకున్నాడు. పట్టు పడ్డాక మెడకు తగిలిందన్నాడు. అంత పెద్దమనిషిని పాడుచేశానని నాయకుడు కుమిలిపోయాడు. తరువాత టేపు చూసుకుంటే తల నేలకు ఎక్కడా తగల్లేదు. ఇది ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. బెల్టు గెలిచిన రాత్రి ఎదుటివాడి మెడ గురించి బాధపడ్డ మల్లుడు పురాణాల్లో నాకు తగల్లేదు.

మరి మ్యాన్‌కైండ్? 1998 జూన్ 28న పిట్స్‌బర్గ్‌లో ఇనుప పంజరం మీదనుంచి 16 అడుగుల కిందికి తోశాడు గదా, అందులో దయ ఎక్కడ? అడగవలసిన ప్రశ్నే. ఆ మొదటి పతనం మ్యాన్‌కైండ్ వేషం కట్టిన మిక్ ఫోలీ తానే కోరుకున్నది. నాయకుడు విరిగిన పాదంతో పంజరం ఎక్కింది ఆ కోరిక తీర్చడానికే. రెండోది ఎవరూ రాసుకోనిది. పైకప్పు జాలీ ఊడి, ఫోలీ నేరుగా రింగులో పడ్డాడు, వెనకే కుర్చీ మూతిమీద పడింది, పన్ను ముక్కులోకి వెళ్లింది. అంచున నిలబడి కిందికి చూసిన నాయకుడు, మనిషి పోయాడనే అనుకున్నానని తరువాత చెప్పాడు. చావును వేషంగా కట్టినవాడు ఆ క్షణంలో వేషం మరిచాడు. టీకాకారుడు ఇక్కడ 'దయ'కు 'భయం' అనే పాఠాన్ని కూడా ఒప్పుకుంటాడు.

నిజమైన పగ షాన్ మైకేల్స్‌తో. తెర వెనక పగ. 1998 మార్చిలో, కంపెనీ ఏటా జరిపే రెజిల్‌మేనియాలో, మైకేల్స్ రాసినట్టు ఓడి బెల్టు ఆస్టిన్‌కి ఇస్తాడో, మొరాయిస్తాడో అని అనుమానం వస్తే, మన నాయకుడు పిడికిళ్లకు టేపు చుట్టుకుని తెర పక్కన నిలబడ్డాడు. మైకేల్స్ రాసినట్టే ఓడాడు. పదకొండేళ్ల తరువాత, 2009లో, నాయకుడు పుట్టిన హ్యూస్టన్‌లోనే, ఆ ఇద్దరే తలపడ్డారు. తాళ్లమీదుగా దూకినప్పుడు పట్టు తప్పి అండర్‌టేకర్ నెత్తిమీద పడ్డాడు. లేచి ఆట ముగించాడు. రెజిల్‌మేనియాల్లో దాన్ని మించింది లేదని ఇప్పటికీ అనేవాళ్లు చాలామంది. మరుసటి ఏడు మైకేల్స్ తన వృత్తినే పణంగా పెట్టి ఓడి, రిటైరయ్యాడు. ఎవడిమీద పిడికిలి బిగించాడో వాడికే మెడ అప్పగించాడు, వాడి మెడ తాను పుచ్చుకున్నాడు. రెండు మెడలూ భద్రంగా తిరిగి వచ్చాయి. మాస్టారూ, ఇంతకంటే వేరే మాట వెయ్యమంటే నాకు చేతకాదు.

'మార్కు గాక'

శ్లేష. మార్కు అనగా నాయకుడి సొంత పేరు. మార్కు అనగా నాకు రాని ఆరు. మూడో అర్థం ఆ వృత్తివారి పరిభాషలోది. రింగులో జరిగేదంతా నిజమని నమ్మి కూర్చున్న ప్రేక్షకుణ్ణి వాళ్లు 'మార్కు' అంటారు. తొమ్మిదో తరగతిలో ఈ అర్థం నాకు తెలియదు. వాగ్దేవి నోట పలికించింది.

ఈ అర్థంతో నాలుగో పాదం చదివితే భావం తిరగబడుతుంది: చూసేవాడు కాకపోతే మల్లుడెవడయ్యా? 2014 ఏప్రిల్ 6న న్యూ ఆర్లియన్స్‌లో అది రుజువైంది. 1991లో జిమ్మీ స్నూకాతో మొదలై రెజిల్‌మేనియాలో వరసగా 21 గెలుపులు. ఆ రాత్రి బ్రాక్ లెస్నర్ మూడు లెక్క పూర్తిచేశాడు. తెరమీద 21–1 అని పడింది. స్టేడియంలో కేక లేదు, ఈల లేదు. అంతా రాసి ఉంటుందని తెలిసిన పెద్దవాళ్లు నోళ్లు తెరిచి నిలబడిపోయారు. అలా రాసినవాడు అప్పటి కంపెనీ అధినేత విన్స్ మెక్‌మాన్. నాయకుడికి తలకు దెబ్బ తగిలి ఆ ఆట జ్ఞాపకంలోంచే చెరిగిపోయింది. ఓటమి ఓడినవాడికి గుర్తులేదు, చూసినవాళ్లకే ఉంది. నాకు అప్పటికి పెళ్లయి, పిల్లలున్నారు. ఆ పూట మళ్లీ అన్నం సహించలేదు. మన వీరఘట్టం కోడి రామమూర్తి ఉండగా ఆ అమెరికావాడి కోసం ఉపవాసమేమిటని మా నాన్న విసుక్కున్నాడు. న్యాయమే.

తాత్పర్యం

చచ్చినట్టే చచ్చి లేచేవాడు, పెట్టెకు దొరకని నల్లటోపీవాడు, శత్రువు తలను కిందు చేసి కూడా దయతో దించే వస్తాదు మార్కు ఒక్కడే అని భావం.

శేషం

టోపి అన్వయం మిగిలింది. 2017 ఏప్రిల్‌లో రోమన్ రీన్స్ చేతిలో ఓడాక, నాయకుడు చేతి తొడుగులు, కోటు, టోపి తీసి రింగు మధ్యలో మడిచి పెట్టి, ఖాళీ తలతో వెళ్లిపోయాడు. మనిషి పోయాడు, టోపి బయట మిగిలింది. పెట్టెకు అందనిది టోపి! 'అందని' వెనువెంటనే ఉన్న మాటకే అంటుకుంటుంది. దూరాన్వయ దోషం పోయింది, మాస్టారి మార్జిను కొట్టివేయవలసి ఉంది. ప్రతివాదం ఒకటుంది. మరుసటి ఏడు జాన్ సీనాతో ఆటకు ముందు ఆ కోటూ టోపీ మళ్లీ రింగు మధ్యలో కనిపించాయి. మెరుపు మెరిసింది, అవి లేవు. గంట మోగింది. తలుపు దగ్గర నాయకుడు నిలబడి ఉన్నాడు, నెత్తిన టోపితో. ఇది ఆ టోపియేనా, రెండోదా అన్నది శోధ్యం.